గ్రహాలు ఎటు దిక్కున్నయి సారూ

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో ఉండగా, ఒక ప్రశ్న అడిగినందుకు నన్ను బడి నుంచి వెళ్లగొట్టారు. హాజరు పట్టీలో నా పేరు మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీశారు. ఆ గీతను నా కళ్లతో నేనే చూశాను. ప్రశ్న తప్పు కాదు. దానికి జవాబు చెప్పాల్సిన మనిషి చెప్పలేదు. అరవై ఏళ్లు దాటినా ఆ కోపం నాలో చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోనూ లేదు.

ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, ఆకాశంలో గ్రహాలు మళ్లీ వరుసకొచ్చాయి. మా ఊరి బడిలో సైన్సు చెప్పే టీచరమ్మ పిల్లలందరికీ సాయంత్రం పూట మైదానంలో వాటిని చూపించాలని పూనుకుంది. మా మనుమరాలు ఆ బడిలోనే తొమ్మిది చదువుతోంది. "మా తాతకు చుక్కలు మంచిగ తెల్సు మేడం" అని చెప్పి నన్ను ఇందులో ఇరికించింది. అరవై ఏళ్ల కింద నన్ను బయటికి గెంటిన బడి అది. కప్పు మారింది, గోడలు మారాయి, గేటు మాత్రం అక్కడే ఉంది. ఆ గేటు దాటి లోపలికి పోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మాది కరీంనగర్ జిల్లాలో మగ్గాల ఊరు. ఇప్పుడు ఎటు తిరిగినా పవర్‌లూముల చప్పుడే గానీ, అప్పట్లో ఇంటింటికీ గుంట మగ్గం ఉండేది. నేత పని ఇంట్లో సాగేది, పడుగు పని మాత్రం వీధిలో సాగేది. పడుగంటే గుడ్డ నిలువు పోగులు. వాటన్నిటినీ గంజిలో తడిపి, వీధి పొడవునా రెండు కొసలా గుంజలు పాతి సాపి, కుంచెతో దువ్వుతూ ఆరబెట్టాలి. ఎండ ముదిరితే గంజి అట్టలు కట్టి పోగు తెగుతుంది. అందుకని తెల్లవారక ముందే మొదలుపెట్టి, పొద్దు బారెడెక్కే లోపల ముగించాలి. మా వాడలో పుట్టినవాళ్లకు తెల్లవారుజాము ఆకాశం ఇంటి దూలాలంత పరిచయం.

అందరికంటే ఎక్కువ పరిచయం మా ఎదురింటి పెద్దవ్వకు. వరసకు మా నాన్నకు, మేము బాపు అనేవాళ్లం, పెద్దమ్మ అవుతుంది. పెనిమిటి బొంబాయి మిల్లుకు పోయి తిరిగి రాలేదు. మగవాళ్లు పట్టే కుంచెను ఆమె పట్టింది. మొదట్లో వాడంతా నవ్వింది. తర్వాత ఆమె దువ్విన పడుగులో పోగు తెగదని తెలిశాక నోరు మూసుకుంది. అక్షరం ముక్క రాదు. కానీ ఆమె ఇంటి తూర్పు గోడ మీద వరసగా సున్నం బొట్లు ఉండేవి. ఏ నెలలో వేగుచుక్క ఏ ఇంటి కప్పు మీద పొడిచిందో గుర్తు పెట్టుకోవడానికి పెట్టిన బొట్లవి. వేగుచుక్క ఎంత ఎత్తుకు వస్తే గంజి కుండ దించాలో ఆమెకు లెక్క ఉండేది. ఆ చుక్క కొన్ని నెలలు పొద్దున కనిపించి, కొన్నాళ్లు మాయమై, మళ్లీ సాయంత్రం పడమట పొడుస్తుందని నేను ఆమె దగ్గరే విన్నాను. రెండూ ఒకటే చుక్క అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. గోడ మీది బొట్లు చూసి తనకు తానే పట్టుకుంది.

ఆ ఏడు దసరా పోయిన తర్వాత, ఒక రోజు పొద్దుగూకే వేళ పెద్దవ్వ నన్ను వాకిట్లో నిలబెట్టింది. చేతిలో బారెడు తెల్ల నూలు పోగు ఉంది. పడమటి దిక్కున, కాస్త దక్షిణంగా, రెండు పెద్ద చుక్కలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. అవి మినుకుమినుకుమనడం లేదు, నిలకడగా వెలుగుతున్నాయి. నా రెండు చేతుల్లో పోగు రెండు కొసలూ పెట్టి, చేతులు బార్లా చాపించి, ఆ రెండు చుక్కల మీదుగా పోగును బిగించి పట్టమంది. తర్వాత పోగు కింది కొస ఎక్కడ పోయి ఆగిందో చూడమంది. చూశాను. కాసేపటి కింద పొద్దు మునిగిన చోటికే పోయింది.

"కండ్లు కొట్టని చుక్కలన్ని పొద్దు నడిశిన బాటనే నడుస్తయి బిడ్డా" అంది పెద్దవ్వ. "చందమామ గుడ గా బాటనే. పక్కకు పోతె కుంచె దెబ్బ తప్పదన్నట్టు ఒకదాని ఎన్క ఒకటి పోతయి."

తర్వాత చాలా ఏళ్లకు, ఆ బాటకు క్రాంతివృత్తం అని పేరుందని చదువుకున్నాను. కానీ నాకు అది ఎప్పటికీ పెద్దవ్వ పోగే.

చలి ముదిరేకొద్దీ పడమటి చుక్కలు రెండూ రోజు రోజుకూ కిందికి దిగి, ఒక నాటికి కనబడకుండా పోయాయి. వేగుచుక్క అంతకు ముందే తెల్లవారు వెలుగులో కలిసిపోయింది. పెద్దవ్వ గోడ మీద కొత్త బొట్టు పడలేదు. సరిగ్గా అప్పుడే ఊళ్లో ఆ పుకారు లేచింది. ఎనిమిది గ్రహాలు ఒక్క చోటికి వస్తున్నాయని, మూడు రోజుల్లో లోకం మునిగిపోతుందని.

ఆ రోజులు చూసినవాళ్లు నా ఈడు వాళ్లు ఇంకా కొందరు ఉన్నారు, అడగండి. కొందరు బండ్లు కట్టుకొని కొండగట్టు అంజన్న దగ్గరికి పోయారు. కొందరు పెంచుకున్న మేకలను కోసుకొని తిన్నారు, ఎట్లాగూ పోతాం గదా అని. మా వాడ పెద్దలు కూర్చొని మా పనికి తగిన భయాన్నే వెతుక్కున్నారు. పైన గ్రహాలు వరుస కడుతున్నప్పుడు కింద ఎవరూ పోగుల వరుస సాపవద్దట. సాపితే పై వరుస కింది వరుసను పట్టి గుంజుతుందట. ఆ మూడు రోజులు వీధిలో ఒక్క పడుగు కూడా కనిపించవద్దని కట్టు పెట్టారు. ఇంకే ఊళ్లో ఎవరికీ ఇట్లాంటి ఆలోచన రాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పోగుల మధ్య బతికేవాళ్లకే వస్తుంది.

కట్టు పెట్టిన మాట వాడ అంతా తిరిగి పెద్దవ్వ దాకా వచ్చేసరికి ఆమె పడుగు గంజి కుండలో నానుతూ ఉంది. గంజిలో పడ్డ నూలు మూడు రోజులు ఆగదు. పులిసి, పోగుకు పోగు అంటుకొని, మొత్తం ముద్ద అవుతుంది. ఆ నూలే ఆమెకు ఆ నెల కూడు. మర్నాడు కోడి కూయగానే వచ్చి నన్ను లేపింది. మా బాపు నిద్రలో ఉన్నాడు. కన్నతల్లి మా అవ్వ చూసి కూడా చూడనట్టు అటు తిరిగి పడుకుంది. ఒక కొస నేను పట్టుకున్నాను. వాడ మొత్తం తలుపులు మూసుకొని ఉంటే మేమిద్దరం వీధి పొడవునా పడుగు సాపాం.

తెల్లవారేసరికి పెద్దలు నలుగురు వచ్చారు. ముందు నిలబడ్డ ఆయన పెద్దవ్వకు మరిది వరస.

"వదినె, అందరం అనుకున్న మాట నీకు తెల్వదా? మీదేమో గ్రహాలు వరుసకొస్తున్నయి. కింద నువ్వు వరుస సాపుతున్నవు. వాడ మీద ఏమన్న పడితె ఎవలు జిమ్మెదారు?"

పెద్దవ్వ కుంచె ఆపలేదు. "నేనెందుకు కాదంట మరిదీ. నాకు గుడ బతకాల్ననే ఉన్నది. గ్రహాలు ఎటు దిక్కున్నయో జర ఏలు వెట్టి సూపియ్యి. గటు దిక్కు సాపను. ఇంకో దిక్కు మలుపుకుంట."

ఆయన వేలు లేపాడు. తూర్పు చూశాడు, నడినెత్తి చూశాడు, పడమర చూశాడు. వేలు ఎక్కడా ఆగలేదు. వెనక ఉన్న ఒకాయన అందుకున్నాడు.

"ఊకె సూస్తె కనవడయి. పంచాంగంల ఉన్నయి."

"అయితె పంచాంగం మీద సాపను తియ్యి" అంది పెద్దవ్వ.

తలుపుల సందుల్లోంచి నవ్వులు వినబడ్డాయి. "ఏమన్న అయితె నీ మీదనే" అని పెద్దలు పోయారు. "నా మీదనే కానియ్యి, మీరన్న సల్లగుంటరు" అని ఆమె దువ్వుతూ పోయింది. పొద్దు బారెడెక్కే లోపల పడుగు ఆరింది. ఒక్క పోగు తెగలేదు. ఆ పడుగు కొస పట్టుకొని నిలబడ్డ పిల్లగాడికి ఆ ఉదయం ఎంత గర్వంగా ఉండి ఉంటుందో మీరే అనుకోండి. ఆ గర్వంతోనే, చేతులకు గంజి అంటుకొని ఉండగానే, బడికి పోయాను.

మా సారు నిర్మల్ నుంచి వచ్చిన కొత్త మనిషి. మీసం కూడా సరిగా రాలేదు. ఆ రోజు పాఠం చెప్పలేదు. పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి, గ్రహాలు శాంతించాలని భజన చేయించాడు. ఆయన గొంతు మధ్య మధ్య ఆగిపోవడం నేను గమనించాను గానీ ఎందుకో నాకు తెలియలేదు. భజన ఆగినప్పుడు నేను లేచి నిలబడ్డాను.

"గ్రహాలు ఎటు దిక్కున్నయి సారూ?"

"ఏమంటివి?"

"ఎటు దిక్కున్నయో ఏలు వెట్టి సూపియ్యుండ్రి. సూస్త."

పిల్లలంతా గొల్లున నవ్వారు. పొద్దున వీధిలో జరిగిన ముచ్చట అప్పటికే అందరి ఇళ్లలోకీ పోయింది మరి. సారును ఎగతాళి చేశాననుకున్నారు. నేను ఎగతాళి చేయలేదు. ఇది నేను ఈ రోజు కూడా చేయెత్తి చెప్తాను. పెద్దలకు తెలియలేదు, చదువుకున్న సారుకు తెలుస్తుందనుకున్నాను. ఆయన చూపిస్తే పరుగెత్తుకొని పోయి పెద్దవ్వకు చూపిద్దామనుకున్నాను. అంతే.

టేకు బెత్తం రెండు ముక్కలయ్యేదాకా కొట్టాడు. ముక్కు నేలకు రాసి తప్పయిందని చెప్పమన్నాడు. "తప్పేందో చెప్పుండ్రి సారూ, చెప్తె అంట" అన్నాను. చెప్పలేదు. చెయ్యి పట్టుకొని గేటు బయటికి నెట్టాడు.

మూడు రోజులు గడిచాయి. లోకం మునగలేదు. మేకలు తిన్నవాళ్లు మేకల కోసం ఏడ్చారు. నాలుగో రోజు బడికి పోతే, నా పేరు మీద ఎర్ర గీత ఉంది. తప్పు ఒప్పుకుంటేనే లోపలికి అన్నాడు సారు. మా బాపు పెద్దలకూ సారుకూ ఎదురు చెప్పే మనిషి కాదు. "ఒక్కసారి ముక్కు రాస్తె ఏం పోతది" అన్నాడు. నేను రాయనన్నాను. "రాయకపోతె గుంటల కాళ్లు వెట్టు" అన్నాడు. మగ్గం గుంటలో నా కాళ్లు కింది పలకకు అందేవి కావు. కింద చెక్క ముక్క పెట్టి కూర్చోబెట్టాడు. నా చదువు అక్కడ ముగిసింది.

అప్పుడు పెద్దవ్వ చేసిన పని చెప్పాలి. ఒక పొద్దున పడుగు సగంలో వదిలేసి, ఎండబోతున్న గంజి చేతులతోనే బడికి పోయింది. జీవితంలో ఆమె పడుగు సగంలో వదిలింది ఆ ఒక్కసారే. "ఆ మాట పిలగానిది కాదు సారూ, నాది. ముక్కు నాతోని రాయించుండ్రి" అందట. సారు తల ఎత్తలేదట. ఆమె తిరిగి వచ్చేసరికి గంజి అట్టలు కట్టి చాలా పోగులు తెగిపోయాయి. కూర్చొని ఒక్కొక్క పోగూ ముడి వేసింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని తెగిన కొసలు పట్టించింది.

ఆ సాయంత్రం పొద్దు మునిగిన వెంటనే, మళ్లీ ఆ తెల్ల పోగు నా చేతుల్లో పెట్టింది. పొద్దు మునిగిన చోటి నుంచి పైకి పట్టించింది. పోగు వెంట నిలకడగా వెలిగే చుక్క ఒక్కటి కూడా లేదు.

"ఏమన్న కనవడ్డదా?"

"ఏం లెవ్వు పెద్దవ్వా. అంత ఉత్తదే."

"ఉత్తదని నీకెట్ల తెల్సు? కనవడలే అని చెప్పు. పొద్దు తాన ఉన్నయో, యాడున్నయో నాకు గుడ తెల్వది. సూసింది సూశినట్టు చెప్పాలె బిడ్డా. తెల్వకపోతె తెల్వదనాలె. గంతనే. ఆ మాట అంటె నోరేం అరిగిపోదు."

మర్నాటి నుంచి ఇంకో పని పెట్టింది. బజారు నుంచి వచ్చే నూలు కట్టలకు పాత వార్తా కాగితాలు చుట్టి ఉండేవి. వాటిని చింపకుండా విప్పి, నా కోసం దాచేది. తెల్లవారి ఆమె పడుగు దువ్వుతుంటే, నేను వెంట నడుస్తూ ఆ కాగితాలు పైకి చదవాలి. ఎక్కడి వార్తో, ఎప్పటి వార్తో. అర్థం కాని మాట వస్తే ఇద్దరం ఆగేవాళ్లం. "తెల్వదు, ముంగటికి పో" అనేది. చదివినందుకు ఇంత మక్కజొన్న గట్క వండి పెట్టేది. నా బడి అదే. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా, గంజి వాసనలో, కుంచె చప్పుడులో సాగింది నా చదువు. తర్వాత బస్టాండు పక్కన గ్రంథాలయం తెరిచారు. నేత పని ముగించి అక్కడికి పోయేవాణ్ణి. ఇప్పుడు ఇట్లా నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే, అది ఆమె పుణ్యం. ఏ బడి పుణ్యమూ కాదు.

పెద్దవ్వ పోయి నలభై ఏళ్లు దాటింది. నాకు ముప్పై ఏళ్లు వచ్చాక ఒక పుస్తకంలో నా ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ మూడు రోజులూ గ్రహాలన్నీ సూర్యుడి చుట్టుపక్కలే ఉన్నాయట. పొద్దుతో పాటు పొడిచి, పొద్దుతో పాటు మునిగాయి. వెలుగులో ఎవరికీ కనబడలేదు. అంటే సారు నన్ను కొడుతున్నప్పుడు అవి మా బడి కప్పు మీదే, సూర్యుడి పక్కనే ఉన్నాయి. గ్రంథాలయంలోనే కూర్చొని ఆ పేజీ మొత్తం కాగితం మీద ఎత్తి రాసుకున్నాను. సంతోషం కలిగింది. కోపం మాత్రం పోలేదు. జవాబు దొరకడం వేరు, చెప్పాల్సిన మనిషి చెప్పడం వేరు.

ఈ మధ్య మైదానంలో ఏర్పాట్లు చూస్తున్నప్పుడు ఇవన్నీ మళ్లీ లేచాయి. టీచరమ్మ మంచి పిల్ల. ఫోనులో ఆకాశం బొమ్మ పెట్టి చూపిస్తుంది. నేను చుట్టుపక్కల లూముల షెడ్ల వాళ్ల దగ్గరికి పోయి, ఆ సాయంత్రం గంట సేపు బయటి లైట్లు ఆర్పమని అడిగి వచ్చాను. మైదానంలో సున్నంతో దిక్కులు గీశాను. చీకటి పడ్డాక పడమట శుక్రుడు, ఆయన కింద శని, నడినెత్తికి కాస్త ఇవతల గురుడు, తూర్పున ఎర్రగా కుజుడు. పిల్లలకు ఒక్కొక్కరికీ బారెడు తెల్ల దారం తెంపి ఇచ్చాను. పోగు పట్టించి చూపిస్తే టీచరమ్మ ఫోను జేబులో పెట్టుకొని, తనకూ ఒక దారం కావాలంది.

ఒక పిల్ల అడిగింది, "ఇవి మళ్లొకసారి గిట్ల ఎప్పుడొస్తయి తాతా?" అని. నాకు తెలియదు. "తెల్వది బిడ్డా, సూసి చెప్త" అన్నాను. ఆ మాట అన్నప్పుడు గంజి వాసన వచ్చినట్టయింది. పెద్దవ్వ ఆ మాట చెప్పిన రోజు నుంచి నేను మోసుకొస్తున్నది ఇదే. చొక్కా జేబులో చుట్టి పెట్టుకున్న ఒక తెల్ల పోగు, నోట్లో అరిగిపోని ఒక మాట.

మా ఎదురింటి పిల్లగాడు ఒకడు మస్కట్‌లో పని చేసి వచ్చాడు. అక్కడ తన గదిలోనే నిర్మల్ వాడొకడు ఉండేవాడట. ఆ నిర్మల్ పిల్లగాడి తాత, అప్పట్లో మా ఊరి బడిలో పంతులుగా చేశాడట. మా సారు ఇంకా బతికే ఉన్నాడని అట్లా తెలిసింది. ఆ పిల్లగాడితోనే చిరునామా తెప్పించుకున్నాను. తెల్లవారి కూర్చొని ఉత్తరం రాశాను. ముసలి మనిషి అని మెత్తగా రాయలేదు. నేను ఫలానా మగ్గాల వాడ పిల్లగాడినని, నాలుగో తరగతిలో ఒక మాట అడిగానని, దానికి జవాబు ఇంకా రాలేదని రాశాను. గ్రహాలు ఎటు దిక్కున్నాయో చెప్పాలని, లేదంటే నేను చేసిన తప్పేమిటో చెప్పాలని, రెంటిలో ఏదో ఒకటి చెప్పనిది ఆయనా పోవద్దు, నేనూ పోననీ రాశాను. మా పోగు ముచ్చటా, పెద్దవ్వ ముచ్చటా రాశాను. కింద మనుమరాలి ఫోను నంబరు వేశాను.

నిన్న బడి నుంచి రాగానే మనుమరాలు ఫోను నా చెవి దగ్గర పెట్టింది. మొదట దగ్గు వినబడింది. తర్వాత ఎక్కడో కోడి కూసింది. తర్వాత, నేను అరవై ఏళ్లుగా మరిచిపోని ఆ గొంతు, పండిపోయి, నెమ్మదిగా మాట్లాడింది.

"నీ ఉత్తరం మా మనుమరాలు రెండు సార్లు సదివి వినిపిచ్చింది. నువ్వు నాకు యాదికున్నవు. మర్సిపోయిన అని అబద్ధం చెప్పను. గప్పుడు నాకు ఇరవై ఏండ్లు. మా ఇంటామె నిర్మల్‌ల నెలలు నిండి ఉండె. బస్సుల జాగ దొరకక నేను పోలేకపోయిన. లోకం మునుగుతదంటె నమ్మిన. బళ్లె పిలగాండ్లందరి కంటె నేనే ఎక్కువ భయపడ్డ. నువ్వు ఎటు దిక్కు అని అడుగంగనె, నాకు ఏం తెల్వదని నాకు తెల్సిపోయింది. తెల్వదు అనే ఒక్క మాట నోట్లెకెల్లి రాలే. చెయ్యి లేసింది. తప్పు నీది కాదు, నాదే. మీ పెద్దవ్వ బడికి వచ్చిన్నాడన్న చెప్పాల్సింది, తల ఎత్తలేకపోయిన. గవి ఎటు దిక్కున్నయో నాకు గిప్పటికి గుడ తెల్వది. కండ్లు సగం పోయినయి, గని పెద్ద చుక్కలు ఇంక ఆనుతున్నయి. నువ్వు ఆ పోగు పట్టుకొని జర రా. వాకిట్ల కుర్చీ ఏసుకొని కూసుంట. ఏలు వెట్టి సూపియ్యి, సూస్త."